మా వదిన కంటికొలత

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ అన్నయ్య ఇదే అంటున్నాడు. మా ఆయన పెళ్ళయిన మూడో రోజున కనిపెట్టి, నాలుగో రోజు నుంచి వినడం మానేశాడు. మా వదిన, అంటే అన్నయ్య భార్య, నాకు మిరపకాయ అని పేరు పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా అదే పిలుపు. ఎవరైనా నా అసలు పేరు అడిగితే ఆవిడ కాస్త ఆలోచించుకుని గానీ చెప్పలేదు. అలాంటి నేను ఒక సంగతిని ఏడాదికి పైగా కడుపులో పెట్టుకుని తిరిగాను. ఎందుకు తిరిగానో, తిరిగి ఏం బావుకున్నానో చెబుతాను.

మాది దారాల కొట్టు. అన్నయ్య వాళ్ళింటి ముందు గది కొట్టు, వెనక వసారా అద్దకం గది. క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్ళకి గుడ్డా దారమూ చేత్తో రంగులద్ది అమ్ముతాం. అద్దకం వదినది. కుట్టు నాది. వచ్చినవాళ్ళతో పోట్లాడటం కూడా నాదే. నేను రెండు వీధుల అవతల ఉంటాను కానీ పొద్దున్న లేచి మొహం కడుక్కుంటే చాలు, నా కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి.

క్రాస్ స్టిచ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. గుడ్డ మీద బొమ్మ గీసి ఉండదు. నేతలోనే సన్నటి గళ్ళుంటాయి. పక్కన కాగితం మీద గళ్ళ బొమ్మ పెట్టుకుని, లెక్క చూసుకుంటూ ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టుకుంటూ పోవాలి. ఒక్క గడి లెక్క తప్పిందంటే పిట్ట ముక్కు వెళ్ళి పిట్ట కంట్లో పడుతుంది. అప్పుడు కుట్టిందంతా ఊడదీసుకోవాలి. నేను ఊడదీసేటప్పుడు మా ఆయన కూడా పక్క గదిలోకి వెళ్ళి కూర్చుంటాడు.

చేత్తో అద్దిన దారం సంగతి ఇంకా వేరు. ఒకే లడిలో, అంటే ఒకే దారపు చుట్టలో, ముదురూ లేతా కలిసి ఉంటాయి. మామూలు దారంతో అయితే అర కుట్లన్నీ వరసగా వేసుకుపోయి, తిరిగొస్తూ ఇంటూలు పూర్తి చేయొచ్చు. ఈ దారంతో అలా కుట్టారంటే ముదురు మీద లేత, లేత మీద ముదురు పడి అంతా కలగాపులగం అవుతుంది. ఏ ఇంటూకి ఆ ఇంటూ పూర్తి చేసుకుంటూ పోతేనే రంగు ఆకు మీద నీడలా మెల్లగా మారుతుంది. కొట్టుకొచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఈ ముక్క చెబుతాను. పదిమందిలో తొమ్మిదిమంది ఇంటికెళ్ళి తమకి తోచినట్టే కుట్టి, దారం బాగాలేదని వస్తారు. వాళ్ళతోనే నా పోట్లాటలు.

రంగులకి అంకెలు వేయమని అన్నయ్య పోరు పెట్టాడు. వదిన వినలేదు, పేర్లు పెట్టింది. తడి ఇటుక, పాచి మెట్టు, దానిమ్మ తొక్క, కాకి రెక్క. అన్నిటికంటే ఎక్కువ పోయేది పాత ఉత్తరం. పెట్టె అడుగున ఇరవై ఏళ్ళు పడి ఉన్న కాగితం ఉంటుంది చూశారూ, అంచుల దగ్గర గోధుమ రంగు తిరిగి, మధ్యలో మాత్రం ఇంకా వెచ్చగా, అచ్చం ఆ రంగు. ఆ గుడ్డ మీద ఏం కుట్టినా ఎవరో ప్రేమగా దాచిపెట్టుకున్నదానిలా ఉంటుంది. దాని కోసం దూరపు ఊళ్ళ నుంచి కూడా ఉత్తరాలు రాసి తెప్పించుకునేవాళ్ళున్నారు.

ఇంత పేరున్న రంగుకి కొలత మాత్రం ఎక్కడా రాసి లేదు. అన్నయ్య మందుల కొట్టులో పొడులు తూచి తూచి రిటైరైన మనిషి. ఒకనాడు తన చిన్న త్రాసు పట్టుకుని అద్దకం గదిలోకి వెళ్ళాడు, ఎన్ని గ్రాములో రాసి పెడతానని. వదిన ఆయన్నీ త్రాసునీ కలిపి బయటికి పంపించింది. ఆవిడ పద్ధతి ఆవిడది. గుడ్డ అద్దడం పూర్తయ్యాక అరచేయంత ముక్క కత్తిరించి కిటికీ పక్కన మేకుకి గుచ్చుతుంది. మళ్ళీ విడత అద్దేటప్పుడు ఆ ముక్క చూసుకుంటూ, తడి గుడ్డ ఆరితే ఎలా ఉంటుందో మనసులో ఊహించుకుంటూ రంగు కలుపుతుంది. కలిశాక పాత ముక్క తీసేసి కొత్త ముక్క గుచ్చుతుంది. ఎప్పుడు చూసినా మేకుకి ఒక్క ముక్కే ఉంటుంది, అదీ వెనకటి విడతది. మోసమంతా అక్కడే జరిగిందని తర్వాత తెలిసింది.

నాకో అలవాటు ఉంది. పాత ఉత్తరం దారం ఏ విడత వచ్చినా, పొడుగాటి తెల్ల పట్టీ మీద పది గళ్ళు ఇటూ పది గళ్ళు అటూ ఒక చదరం కుట్టి, కింద తేదీ వేస్తాను. కొట్లో అద్దాల బీరువాకి వేలాడదీస్తే వచ్చినవాళ్ళు చూస్తారని మొదలుపెట్టాను. పోయినేడాది వానల మొదట్లో కొత్త చదరం కుట్టి, ముడి వేసి, పట్టీ ఎత్తి చూసుకున్నాను. ఏదో తేడాగా అనిపించింది. మబ్బు పట్టిందేమో అనుకుని గుమ్మంలోకి తీసుకెళ్ళాను. మబ్బు కాదు. వెచ్చదనం తగ్గింది. ఎక్కడో లోపల నీలం పడింది. పాత ఉత్తరం కాస్తా నిన్న పోస్టులో వచ్చిన ఉత్తరంలా ఉంది.

వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. ఉప్పెక్కువైన కూర గురించి, వంకరగా వేసిన కుర్చీ గురించి వీధంతా వినపడేలా చెప్పే మనిషిని. వసారా దాకా వెళ్ళాను కూడా. వదిన మోచేతుల దాకా రంగులో ముంచుకుని, కూనిరాగం తీస్తూ గుడ్డ నలుపుతోంది. నన్ను చూసి, ఈసారి ఎంత బాగా కుదిరిందో చూడవే మిరపకాయ్ అని తడి గుడ్డ ఎత్తి చూపించింది. మేకుకి ఉన్న ముక్కతో పోలిస్తే సరిగ్గానే ఉంది. ఎందుకుండదు, ఆ ముక్కా ముందు విడతదే కదా, అదీ కాస్త దారి తప్పిందే. నేను బాగుంది అనేసి వచ్చేశాను.

వదినకి ఒక పట్టుదల ఉంది. అన్నయ్య త్రాసు మాట ఎత్తినప్పుడల్లా చెబుతుంది. "నా కన్ను తప్పిన రోజున తొట్లు బోర్లించేస్తాను. జాలిపడి కొనుక్కునే గుడ్డ నేను అద్దను." ఇది ఊరికే అనే మాట కాదు. నలభయ్యో ఏట ఒక్కసారి సైకిల్ మీద నుంచి పడి, సాయంత్రానికల్లా సైకిల్ ఎవరికో ఇచ్చేసింది. మళ్ళీ దాని మాట ఎత్తలేదు. తొట్లు కూడా అలాగే బోర్లిస్తుందని నాకు తెలుసు. అవి బోర్లిస్తే ఆవిడ పొద్దున లేచి ఏం చేస్తుంది? ఆవిడ సంగతి సరే, నేనేం చేస్తాను? నిజం చెప్పాలంటే నాకు నా భయమే ఎక్కువ. ఆ వసారా లేని పొద్దు నాకు వద్దు.

అందుకని దొంగపని మొదలుపెట్టాను. బీరువాకి వేలాడే పట్టీ ఉతకాలని చెప్పి తీసేసి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచాను. పాత విడతల లడులు ఏరి అట్టపెట్టెలో పెట్టుకున్నాను. పాత దారంతో సగం కుట్టి, మిగతా సగానికి మళ్ళీ తెప్పించుకునేవాళ్ళకి ఆ పెట్టెలోంచి తీసి పంపేదాన్ని. రంగు కలవలేదని ఎవరైనా రాస్తే, చేతి అద్దకంలో ఆ మాత్రం తేడా ఉండటమే అందమండీ అని మర్యాదగా జవాబు రాసేదాన్ని. నేను, మర్యాదగా! మా ఆయన ఒక జవాబు చదివి, ఒంట్లో బాగానే ఉందా అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

విడత విడతకీ నీలం పెరుగుతూనే వచ్చింది. నేను ట్రంకు పెట్టె తెరిచి, రహస్యంగా చదరం కుట్టి, మూసేదాన్ని. అందరికీ చూపించాలని కుట్టినదాన్ని అలా దాచుకోవడం నాకే సిగ్గుగా ఉండేది. అట్టపెట్టెలో లడులు తగ్గిపోయాయి. చివరి లడి ఎవరికో పంపేశాక, అడిగినవాళ్ళకి కొత్త దారమే ఇవ్వాల్సివచ్చింది. అలా తీసుకెళ్ళిన పళ్ళ డాక్టరమ్మ రెండు నెలలకి మళ్ళీ కొట్టుకొచ్చింది.

ఆవిడ మాకు పాత ఖాతాదారు. రోజంతా నోళ్ళలోకి చూసీ చూసీ సాయంత్రం కుట్టు పట్టుకుంటే గానీ మనశ్శాంతి ఉండదని చెబుతుంది. కుట్లు భలే శుభ్రంగా ఉంటాయి, వెనక వైపు తిప్పి చూసినా ఒక్క ముడి కనపడదు. రెండేళ్ళుగా పాతకాలపు మేడ ఒకటి కుడుతోంది, గోడలన్నీ పాత ఉత్తరం రంగు. ఆ గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది. ఎడమవైపు గోడ ఎండలో మాగినట్టు వెచ్చగా ఉంది. కుడివైపు గోడ నీలిమందు వేసి సున్నం కొట్టినట్టుంది. మధ్యలో గీత గీసినట్టు తేడా. పనివాడు సగం ఇంటికి వెల్ల వేసి పారిపోయినట్టు ఉంది మేడ.

నేను గబగబా గుడ్డ మడతపెట్టబోయాను. అప్పటికే వదిన చేతులు తుడుచుకుంటూ వసారాలోంచి వచ్చింది. డాక్టరమ్మ ఆవిడకే నేరుగా చెప్పింది, రెండు లడులూ ఒకే పేరుతో ఇచ్చారు, చూడండి ఎలా ఉందో అని. వదిన గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. దగ్గరగా, దూరంగా, తలవంచి, తలెత్తి.

"రెండూ ఒకటేగా అండీ," అంది చివరికి.

డాక్టరమ్మ తల తిప్పి నా వైపు చూసింది. చెడు వార్త చెప్పడం అలవాటైన మనిషి కాబట్టి మెల్లగా, మీరు ఒకసారి కళ్ళు చూపించుకుంటే మంచిదేమోనండీ అంది. వదిన ముఖం మాడిపోయింది. గిరుక్కున నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే. రెండూ ఒకటేనా, కాదా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. "ఒకటే వదినా," అన్నాను. డాక్టరమ్మ గుడ్డ మడత పెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. తప్పు చేసింది ఆవిడే అన్నట్టు వదిన బల్ల మీద దుమ్ము దులిపింది. ముక్కుసూటి మనిషినని ఇన్నేళ్ళు విర్రవీగిన నేను, పరాయి మనిషి ముందు, పట్టపగలు, కళ్ళెదుట ఉన్నదాన్ని లేదన్నాను.

అన్నయ్య లోపలి గదిలో అంతా విన్నాడు. నన్ను పెరట్లోకి పిలిచి, నాకూ అనుమానంగానే ఉంది అన్నాడు. కొన్నాళ్ళుగా తన తెల్ల చొక్కాలనీ లేత పసుపు చొక్కాలనీ వదిన ఒకే వరసలో మడతపెడుతోందట. మరి చెప్పలేదేం అంటే, నువ్వే చెప్పకపోతే నేనెంత అన్నాడు. ఇల్లంతా కలిసి ఆవిడ ఒక్కదానికీ తెలియనివ్వకుండా నడిపిస్తున్నామని అప్పుడు అర్థమైంది. ఆ తెలివితేటలకి మా ఇద్దరినీ ఏం పెట్టి కొట్టినా పాపం లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి పట్టీ తెచ్చాను. వదిన ముందు పరిచి, ఇక్కడి నుంచి రంగు మారుతూ వచ్చింది వదినా, పొద్దున నేను అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. ఆవిడ పట్టీ మీద వేలు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి చదరాలు తడుముతూ చూసింది. నాకేమీ కనపడటంలేదే అంది. అన్నీ ఒకే రంగులో ఉన్నాయంది.

అంతకంటే పెద్ద శిక్ష లేదు. రుజువు చేతిలో ఉంది, ఆవిడ కంటికి ఆనదు. ఇక మిగిలింది నా మాట ఒక్కటే.

"పొద్దున ఒకటే అన్నావు. ఇప్పుడు కాదంటున్నావు," అంది వదిన. "ఏ మాట నమ్మమంటావు?"

ఆవిడ లేచి చీర మార్చుకుని, అన్నయ్యని వెంటబెట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రమ్మని నన్ను పిలవలేదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడికన్ను, నెల తిరిగాక ఎడమకన్ను ఆపరేషన్ చేస్తానన్నాడు డాక్టరు. ఈ శుక్లాలు కంటికి పసుపు అద్దం అడ్డుపెట్టినట్టు ఉంటాయట. అంతా పచ్చగా కనపడుతుంది, నీలం ఆనదు. అందుకే ఆవిడ పసుపు తగ్గించి, నీలం పెంచి కలిపింది. మెల్లమెల్లగా వచ్చేది కాబట్టి మనిషికి తెలియదట. ఇదంతా అన్నయ్య చెబితే విన్నాను.

కుడికంటి కట్టు విప్పే రోజున మాత్రం పిలవకపోయినా వెళ్ళాను. డాక్టరు కట్టు విప్పి, మెల్లగా కన్ను తెరవమన్నాడు. వదిన ముందు అన్నయ్యని చూసింది. ఇది తెల్ల చొక్కానా అని అడిగింది. అవునన్నాడు. దీన్ని పసుపనుకుని ఎన్నిసార్లు పక్కన పెట్టానో అని నవ్వింది. తర్వాత నన్ను చూసింది, పైనుంచి కిందికి. నీ జుట్టుకి రంగు ఎవరు వేశారే, కాకి రెక్కలా నీలం కొడుతోంది, నన్నడిగితే నేనే అద్దిపెట్టేదాన్ని కదా అంది. గదిలో నర్సమ్మతో సహా అందరూ పడీపడీ నవ్వారు. అంతా తేలిపోయిందని నేను కూడా నవ్వాను. ఆ జుట్టు మీద పెట్టిన శ్రమకి వేరే రోజైతే ఊరుకునేదాన్ని కాదు.

ఇంటికి రాగానే ఆవిడ పట్టీ అడిగింది. కిటికీ ఊచకి తగిలించింది. ఎడమకన్ను మూసి కుడికంటితో చూసింది. కుడికన్ను మూసి ఎడమకంటితో చూసింది. అలా చాలాసార్లు చేసింది. తర్వాత ఒక చదరం మీద వేలు పెట్టి, ఇక్కడ మొదలైంది కదూ అంది. సరిగ్గా నేను గుమ్మంలోకి తీసుకెళ్ళి చూసిన చదరం. అక్కడ నుంచి వేలు జరుపుకుంటూ లెక్కపెట్టింది.

"పద్నాలుగు విడతలు," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నాకు కోపంతో మాట్లాడటం వచ్చు.

నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక వదినా అన్నాను. నువ్వు తొట్లు బోర్లిస్తావని భయపడ్డాను అన్నాను. ఏవేవో అన్నాను. ఆవిడ అంతా విని, పట్టీ తీసి చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది.

"కన్ను పోయినందుకు కాదే. కళ్ళన్నాక పోతాయి. ప్రతి విడతా తడి గుడ్డ ఎత్తి నీకెందుకు చూపించేదాన్ననుకున్నావు? నీ మెప్పు కోసమా? నీ మొహం చూడటానికి. నచ్చకపోతే నీ నోటికంటే ముందు నీ మొహమే చెప్పేస్తుంది. ఊరంతా కంటికొలత, కంటికొలత అంటే నేను నవ్వుకునేదాన్ని. నా కొలత నీ మొహమే. దాన్ని నువ్వు తప్పించేశావు."

నేను ఏడ్చాను. నేను ఏడవడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు. అన్నయ్య కంగారుపడి ఫ్యాను వేశాడు. వదిన వసారాలోకి వెళ్ళింది. తొట్లలో నీళ్ళు పారబోసిన చప్పుడు, తర్వాత ఒక్కొక్కటే నేల మీద బోర్లించిన చప్పుడు వినపడింది. మొత్తం నాలుగు తొట్లు.

మూడు వారాలు అలాగే గడిచింది. వదిన నాతో మాట్లాడేది. కాఫీ ఇచ్చేది, వంట గురించి, వీధి గురించి మాట్లాడేది. మిరపకాయ్ అని మాత్రం పిలవలేదు, అసలు పేరుతో పిలిచింది. నా పేరు అంత పరాయిగా ఉంటుందని నాకు తెలియదు. కొట్టు తెరిచి ఉన్న సరుకు అమ్ముకుంటూ కూర్చున్నాను. నీలం పడిన గుడ్డలు అడిగినవాళ్ళకి, ఇది రంగు తప్పిన విడత అని ముందే చెప్పాను. చిత్రమేమిటంటే, తెలిసి కూడా కొందరు అదే కావాలని పట్టుకెళ్ళారు. పళ్ళ డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఆ రోజు నేను చెప్పింది అబద్ధమండీ, తప్పయిపోయింది అన్నాను. కుడి గోడ అంతా కూర్చుని నేనే ఊడదీసి పెడతానని కూడా అన్నాను. ఆవిడ గోడ మాట వదిలేసి, మీ వదినగారు ఎలా ఉన్నారని అడిగింది.

ఇరవై రెండో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి వసారాలో నీళ్ళ చప్పుడు. నా ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తినంత పని చేశాను. తొట్లలో రెండు వెల్లకిలా ఉన్నాయి, ఆవిరి వస్తోంది, వదిన చేతులకి రంగు. పక్కన అన్నయ్య పిల్లాడిలా మురిసిపోతూ నిలబడి ఉన్నాడు. కొత్త రంగు అద్దుతోందే, నీరెండ అని పేరు కూడా పెట్టింది అన్నాడు. వదిన దండెం మీద నుంచి ఆరిన గుడ్డ ఒకటి తీసి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎలా ఉంది?" అంది.

బాగాలేదు. చూడగానే తెలిసింది. నీరెండ అంటే సాయంత్రం నాలుగు గంటలకి గోడ మీద పడే లేత పసుపు ఉండాలి. ఇది పాలిపోయి, మధ్యమధ్య ఆకుపచ్చ తిరిగి, జబ్బు చేసినట్టుంది. వదిన వెనక నిలబడిన అన్నయ్య నాకు సైగలు మొదలుపెట్టాడు. బాగుందను, బాగుందను అని పెదవులు కదుపుతున్నాడు, చేతులు జోడిస్తున్నాడు. మూడు వారాల తర్వాత మొదటి గుడ్డ. ఆవిడ మొహంలో మూడు వారాల తర్వాత మొదటి వెలుగు. ఇప్పుడు కాదంటే తొట్లు మళ్ళీ తిరగబడతాయి, ఈసారి ఇక లేవవు.

కానీ అబద్ధం చెప్పి ఆ వసారాలో కూర్చోవడం ఎలా ఉంటుందో పద్నాలుగు విడతలు చూశాను. ఇంకో విడత నావల్ల కాదు.

"బాగాలేదు వదినా," అన్నాను. మొదటి మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. ఇది నీరెండ కాదు, జ్వరం వచ్చినవాడి నాలుక అన్నాను. ఈ ఆకుపచ్చ ఎక్కడ నుంచి ఊడిపడిందన్నాను. దీని మీద గులాబీ కుట్టినా వాడిపోయి ఉంటుందన్నాను. తూచుకోకుండా కలిపితే ఇలాగే ఏడుస్తుంది, ఒక కన్ను బాగయింది కదా అని కళ్ళు నెత్తికెక్కాయా అన్నాను. ఏడాది నుంచి దాచినదంతా ఆ గుడ్డ మీద పడింది. అన్నయ్య తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

వదిన నేను ఆగేదాకా ఆగింది. తర్వాత ఆ గుడ్డని ముడిచి మూలకి విసిరేసింది.

"అది కావాలనే పాడుచేశాను," అంది. "నిన్నంతా కూర్చుని పాడుచేశాను. నా చేత్తో అంత దరిద్రంగా కలపడం ఎంత కష్టమో తెలుసా నీకు?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. నన్ను పరీక్ష పెడతావా, ఈ వయసులో, నేనేమన్నా బళ్ళో పిల్లనా అని కేకలేశాను. ఆవిడ నవ్వుతూ నా కేకలన్నీ వింది. మరి బాగుంది అని ఉంటే ఏం చేసేదానివి అని అన్నయ్య మెట్టు మీద నుంచే అడిగాడు.

"తొట్లు తీసుకెళ్ళడానికి మనిషి మధ్యాహ్నం వస్తానన్నాడు," అంది వదిన. "రావద్దని ఫోన్ చెయ్యండి."

అన్నయ్య చెప్పులు కూడా వేసుకోకుండా ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. వదిన రెండో తొట్టి మీద వంగి, అడుగు నుంచి ఇంకో గుడ్డ తీసింది. నీళ్ళు పిండి, విదిలించి, కిటికీ వెలుగుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఈసారి ఎలా ఉందని అడగలేదు. గుడ్డ వైపు చూడను కూడా లేదు. తడి గుడ్డ పై నుంచి నా మొహం వైపే చూస్తూ నిలబడింది.

ఈసారి నా నోటికి పని పడలేదు. వదిన కాసేపు చూసి, సరేనే మిరపకాయ్ అని, ఆ గుడ్డ తీసుకెళ్ళి ఆరేసింది.